నాటకానికి క్యాప్షన్లు: లైట్, మ్యూజిక్ ఆపరేటర్లకు మేం నేర్పిన పద్ధతి

తెలుగు నాటకం జరుగుతుండగా స్టేజీ మీంచి హాల్లోకి ఒకసారి చూడండి, ముందు నాలుగైదు వరసల్లో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే కనిపిస్తారు. వాళ్లలో కొందరికి చెవి మందగించి చాన్నాళ్లయింది. మిషను పెట్టుకోరు, పెట్టుకున్నా హాల్లో గోల తప్ప మాట వినపడదని తీసి జేబులో వేసుకుంటారు. నాటిక అయ్యాక గ్రీన్‌రూమ్‌కి వచ్చి "బాగా చేశారయ్యా, మాటలే సరిగ్గా అందలేదు" అని చెప్పి వెళ్తారు. దానికి మనకు తెలిసిన మందు ఒక్కటే, వాల్యూమ్ పెంచడం. పైనుంచి వేలాడే మైకులకు వాల్యూమ్ పెంచితే కుయ్‌మంటాయి, ఆ కుయ్ మాత్రం అందరికీ శుభ్రంగా వినపడుతుంది.

గుంటూరు ప్రాంతంలో మేం నడిపే నాటక సమాజంలో అందుకే క్యాప్షన్లు మొదలుపెట్టాం. నాది లైటింగ్ పని, శిక్షణ బాధ్యత నా మీద పడింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: లైవ్ నాటకానికి క్యాప్షన్ వెయ్యడమంటే క్యూ తీసుకోవడమే, అంటే ఫలానా మాటకో కదలికకో సరిగ్గా ఆ క్షణంలో మన పని చెయ్యడమే, కాబట్టి ఆ పని ఇప్పటికే క్యూలు తీసుకుంటున్నవాళ్లకు నేర్పాలి. బయటినుంచి కంప్యూటర్ కుర్రాళ్లను తెచ్చుకుంటే పని సులువు అనుకుంటారు గానీ అలా జరగదు, ఎందుకో కింద చెప్తాను.

తెలియనివాళ్ల కోసం పద్ధతి రెండు ముక్కల్లో. స్క్రిప్టు అంతా ముందే టైపు చేసి చిన్న చిన్న స్లైడ్లుగా కోసి పెట్టుకుంటాం. నటుడు మాట ఎత్తుకోగానే ఆపరేటర్ బటన్ నొక్కుతాడు, స్టేజీ పక్కన ఉన్న తెర మీద ఆ మాట కనపడుతుంది. షో జరుగుతుండగా ఎవరూ ఏమీ టైపు చెయ్యరు.

మా కార్యదర్శి గారికి ఇది మొదట్లో నచ్చలేదు. "ఇదేదో విదేశీ ఫ్యాషన్, మన జనం చదువుకుంటూ కూర్చుంటారా" అన్నారు. విదేశాల్లో మొదలైన మాట నిజమే. 1983లో టొరంటోలో కెనడియన్ ఒపేరా కంపెనీ స్టేజీ పైన అనువాదం చూపించడం మొదలుపెట్టింది, అది చెవులు బాగా వినపడేవాళ్ల కోసమే, భాష రాని పాటకు అర్థం తెలియాలని. వినికిడి లేనివాళ్ల కోసమే ప్రత్యేకంగా పనిచేసే స్టేజ్‌టెక్స్ట్ అనే సంస్థ 2000లో బ్రిటన్లో వచ్చింది. 2018లో లండన్ నేషనల్ థియేటర్ కళ్లద్దాల్లోనే క్యాప్షన్లు కనపడే ఏర్పాటు పెట్టింది. మన దగ్గర 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సాంస్కృతిక కార్యక్రమాలు కూడా అందుబాటులో ఉండాలంటుంది, 2024 మార్చిలో కేంద్రం సినిమా హాళ్ల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది, అవి సినిమాలకు మాత్రమే, నాటకం ఊసు వాటిలో లేదు. 2011 జనాభా లెక్కల్లో వినికిడి లోపం ఉన్నవాళ్లు దేశంలో 50 లక్షలకు పైనే అని ఉంటే, ఆ అంకె కూడా చూపించాను. కార్యదర్శి గారు కాసేపు చూసి "చెవుడున్నా ఒప్పుకోనివాళ్లు ఈ లెక్కలో ఉండరుగా, వాళ్లంతా మన ముందు వరసలోనే ఉన్నారు" అని ఆయనే నవ్వేశారు. ఒప్పుకున్నట్టే లెక్క.

ఎవరికి నేర్పాలన్నది మాటలతో తేల్చలేదు, పరీక్ష పెట్టాం. మా లైట్ ఆపరేటర్, మ్యూజిక్ వేసే అబ్బాయి, సెట్ చూసే ఆయన, ఎప్పటినుంచో మా సమాజంలో ప్రాంప్టింగ్ చెప్తున్న మాస్టారు, వీళ్లతోపాటు ఉత్సాహంగా వచ్చిన ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థులు. కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. రిహార్సల్ ఆడియో పెట్టి, చేతికి స్క్రిప్టు ఇచ్చి, ప్రతి డైలాగ్ మొదలయ్యే క్షణంలో పెన్సిల్‌తో బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టమన్నాను. అంతే పరీక్ష.

విద్యార్థులు వాక్యం విని, ఏ వాక్యమో గుర్తుపట్టి, అప్పుడు కొట్టారు. అంటే ప్రతిసారీ ఆలస్యం, వేగంగా సాగే సీన్లో ఆ ఆలస్యం పేరుకుపోయి చివరికి రెండు డైలాగులు వెనకబడ్డారు. తెలివి లేక కాదు, ఆ నటుల నోటి తీరు వాళ్లకు తెలియదు. మ్యూజిక్ అబ్బాయి దెబ్బ సరిగ్గా మాటతోపాటే పడింది, ఎలాగని అడిగితే "ఊపిరి తీసుకోవడం వినపడుతుంది కదండీ" అన్నాడు. రోజూ ఏ మాటకు ఏ ట్రాక్ వదలాలో చూసుకునేవాడు కాబట్టి వాడి చెవి మాట కంటే ముందు ఉండే ఆ చిన్న ఖాళీ మీదే ఉంటుంది. అందరికంటే ఆశ్చర్యం మాస్టారి దగ్గర. ఆయన ప్రతి దెబ్బా ముందే పడింది! నటుడు నోరు తెరవకముందే. మాట అందించడం ప్రాంప్టర్ పని, ముప్పై ఏళ్ల అలవాటు అది, చెయ్యి ఆగదు. క్యాప్షన్లో అదే పెద్ద తప్పు. జోకు నటుడి కంటే ముందు తెర మీద పేలితే హాల్లో నవ్వు ముందే వచ్చేస్తుంది, ఆ నటుడు మళ్లీ మన మొహం చూడడు.

లైట్ ఆపరేటర్ మాటల్లో సగటే గానీ మౌనాల్లో అద్భుతం. ఎవరు వెనక్కి తిరుగుతారు, ఎవరు కూర్చుంటారు, ఎక్కడ మాట ఆగి చూపు నడుస్తుంది, అన్నీ అతనికి కంఠతా వచ్చు. తెర ఎప్పుడు ఖాళీగా ఉంచాలో అతని దగ్గరే మిగతావాళ్లు నేర్చుకున్నారు. అలాగని లైట్లూ క్యాప్షన్లూ ఒకరికే అప్పగిద్దామనే ఆలోచన ఎవరికైనా వస్తే దయచేసి మానుకోండి, డబ్బు మిగులుతుందని మా కమిటీలోనూ అడిగారు. ఫేడ్ (లైటు మెల్లగా పెరగడమో తగ్గడమో) నడుస్తున్నప్పుడు కన్ను లైట్ బోర్డు మీద ఉంటుంది, క్యాప్షన్ మనిషి కన్ను నటుడి నోటి మీదా చెవి మాట మీదా ఉండాలి.

స్క్రిప్టు తయారీ దగ్గర అనుకున్నదానికంటే ఎక్కువ సమయం పోయింది. మన నాటికలు చాలావరకు డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించినవి. ఆ ఫైలు మామూలు కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు కనపడతాయి, యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ మారాక ఒత్తులు అటూ ఇటూ అవుతాయి, కొన్ని అక్షరాలు మాయమవుతాయి. అక్షరం అక్షరం చూసుకోవాల్సిందే. అదీ అయ్యాక తెలిసేదేమిటంటే, కాగితం మీద ఉన్న నాటిక వేరు, స్టేజీ మీద ఆడుతున్న నాటిక వేరు. పరిషత్తుల్లో, అంటే నాటక పోటీల్లో, ఇన్ని ప్రదర్శనలు పడ్డాక నటులు కొన్ని మాటలు మింగేస్తారు, కొన్ని చేరుస్తారు, చప్పట్లు పడ్డ మాట ఇక ఎప్పటికీ పోదు. అందుకని మేం తాజా ప్రదర్శన రికార్డింగ్ పెట్టుకుని దాని ప్రకారం స్క్రిప్టు మొత్తం దిద్దాం. రచయిత గారు తను రాసిన వాక్యమే తెర మీద ఉండాలన్నారు. కుదరదని చెప్పాం. వినపడేవాళ్లకు ఏ మాట అందుతోందో వినపడనివాళ్లకూ అదే అందాలి, నటుడి పెదాలు ఒకటి చెప్తూ తెర ఇంకోటి చెప్తే పెదాలు చదివే అలవాటున్నవాళ్లు రెంటికీ చెడతారు.

ఇక్కడే యాస గొడవ కూడా వచ్చింది. టైపు చేసినవాళ్లు "ఏందిరా" ఉన్నచోట "ఏమిటిరా" అని, ఉత్తరాంధ్ర పాత్ర "ఎల్తన్నాను" అంటే "వెళ్తున్నాను" అని మార్చేశారు, తప్పులు దిద్దుతున్నామనుకుని. పాత్ర ఊరూ కులమూ చదువూ అన్నీ ఆ మాటతీరులోనే ఉంటాయి. అది తీసేశాక మిగిలేది సమాచారం, నాటకం కాదు. మాట ఎలా పలికితే అలా, చదవడానికి మరీ కష్టమైన చోట తప్ప.

శిక్షణలో ఎక్కువ కాలం పట్టింది కోత దగ్గర, అంటే వాక్యాన్ని ఎక్కడ విరవాలి అన్నది. మేం పెట్టుకున్న కొలత, ఒక స్లైడుకు రెండు లైన్లు, లైనుకు 18 అక్షరాలకు కాస్త అటూ ఇటూ. ఇంగ్లీషు క్యాప్షన్ల కొలతలు మనకు పనికిరావు. కంప్యూటర్ లెక్కలో "స్త్రీ" ఆరు కోడ్లు, కంటికి ఒక్క అక్షరం. అందుకని సాఫ్ట్‌వేర్ చూపించే లెక్క వదిలేసి చేత్తోనే లెక్కపెట్టాం, బళ్లో గురులఘువులు గుర్తించినట్టు వేలితో. మాస్టారికి ఇది మహా సరదా.

విరిచేటప్పుడు చూసుకోవాల్సింది ఊపిరి. "నువ్వు నిన్న తెచ్చిన" అని ఒక స్లైడు, "ఉత్తరం ఎక్కడ పెట్టావు" అని ఇంకో స్లైడు వేస్తే చదివేవాడు ఏది తెచ్చాడో తెలియక గాల్లో ఉంటాడు, నటుడు మాత్రం ఆ రెండు మాటల మధ్య ఆగడు. తెచ్చిన ఉత్తరం ఒకచోటే ఉండాలి. అదే "నువ్వు రాకపోతే" దగ్గర విరిస్తే ఇబ్బంది లేదు, తెలుగువాడు అక్కడ సహజంగానే ఊపిరి తీసుకుంటాడు. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి ఇంకో చిక్కుంది. "నీ పేరు మీద ఉన్న ఆ స్థలం నేనే..." అని నటుడు ఆగి, ఎదుటివాడి మొహం చూసి, "...అమ్మేశాను" అంటాడు. మొత్తం ఒకే స్లైడులో పెడితే ఆ ఆగడమంతా వృథా. అందుకని దెబ్బ ఉన్న మాట ఎప్పుడూ విడిగా, నటుడి పెదవి కదిలాకే. హాస్యంలో అయితే మరీను. "మా ఆవిడ ఏం చెప్పినా నేను కాదనను" ఒకటి, ఊపిరి, "వినపడితే కదా కాదనడానికి" ఇంకోటి. ఈ ఒక్క డైలాగు మీద మా వాళ్లు ఒక సాయంత్రమంతా ప్రాక్టీసు చేశారు.

శబ్దాల సంగతి మ్యూజిక్ అబ్బాయికి వదిలేశాం. తన ట్రాకుల్లో ఏది పాత్రకు వినపడుతుందో, ఏది ప్రేక్షకుడి మనసు కోసం వేశామో వాడికే తెలుసు. ఫోన్ మోగితే రాయాలి, దూరంగా రైలు కూత వేసి తల్లి ఉలిక్కిపడితే రాయాలి, డైలాగు కింద సన్నగా నడిచే వేణువు గురించి రాయక్కర్లేదు. మొదట్లో వాడు ప్రతిచోటా "విషాద సంగీతం" అని రాసుకొచ్చాడు, ఏడుస్తున్న మనిషి ఎదురుగా ఉన్నప్పుడు ఆ ముక్క ఎందుకని అడిగితే వాడే కొట్టేసుకున్నాడు. పాత్ర పేరు కూడా అన్నిచోట్లా వెయ్యం. మాట్లాడేది ఎవరో కనపడనప్పుడు, ముగ్గురు ఒకేసారి ఎగబడినప్పుడు, లోపల్నుంచి గొంతు వచ్చినప్పుడు, అంతే.

సాఫ్ట్‌వేర్ గురించి అందరూ ముందు అడుగుతారు, నాకు చెప్పడానికి అంత లేదు. క్యూల్యాబ్ లాంటివి బాగుంటాయి, దానికి మ్యాక్ కావాలి. మేం పవర్‌పాయింట్‌తోనే చేశాం. నల్ల తెర మీద తెల్లక్షరాలు, కాస్త మందంగా ఉండే యూనికోడ్ ఫాంటు, లైన్ల మధ్య ఖాళీ బాగా పెంచి (పై లైను ఒత్తులు కింది లైను గుడుల్లోకి దిగిపోతాయి కాబట్టి). గంట నాటికకు 800 స్లైడ్ల దాకా వచ్చాయి. షో నడుస్తుండగా స్లైడు నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికి పోతుంది, బి నొక్కితే తెర నల్లగా అయిపోతుంది, ఈ రెండూ తెలిస్తే చాలు. డబ్ల్యూ నొక్కితే మాత్రం తెరంతా తెల్లగా వెలుగుతుంది, చీకటి సీన్లో అది జరిగితే స్టేజీ మీద తెల్లారిపోతుంది. ఆ మీట పీకి పారేశాం.

నటుడు పేజీలు దూకేస్తే ఏం చెయ్యాలి అన్నదానికి మేం పెట్టిన అభ్యాసం నాకు బాగా నచ్చింది. రిహార్సల్లో నటులకు మాత్రం రహస్యంగా చెప్పేవాళ్లం, ఇవాళ ఫలానా చోట ఒకటిన్నర పేజీ ఎగరగొట్టండి, లేదా వెనక్కి వెళ్లి మళ్లీ అదే డైలాగ్ ఎత్తుకోండి అని. ఆపరేటర్‌కు తెలియదు. మొదటి స్పందన అందరిదీ ఒకటే, టెన్షన్‌లో బటన్ టకటకా నొక్కుకుంటూ పోయి నటుణ్ని పట్టుకోవాలని చూడటం. తెర మీద ఎవరూ అనని మాటలు సినిమా రీలులా పరుగెడతాయి, చదివేవాడికి అంతకంటే నరకం లేదు. మా నియమం ఇది: దారి తప్పగానే ముందు తెర నల్లగా చెయ్, తర్వాత వెతుకు, దొరికాక తర్వాతి డైలాగుతో కలువు. పోయిన మాటలు పోయాయి, వాటి వెంట పడొద్దు. వెతకడానికి వీలుగా కాగితం స్క్రిప్టు మార్జిన్లో ఎర్ర ఇంకుతో స్లైడు నంబర్లు వేసి పక్కనే పెట్టుకుంటాం. మాస్టారి అసలు విలువ ఇక్కడ తెలిసింది. ఏ నటుడు ఎక్కడ దూకుతాడో, దూకితే ఎక్కడ తేలతాడో ఆయనకు ముందే తెలుసు, ఎందుకంటే ఇన్నాళ్లూ వింగులో, స్టేజీ పక్క చాటున, నిలబడి వాళ్లను గట్టెక్కించింది ఆయనే. బటన్ మీద ఆయన చెయ్యి చివరిదాకా కుదరలేదు. పక్కన కూర్చుని మార్జిన్లో నంబరు మీద వేలు పెట్టడంలో మాత్రం ఆయన్ని మించినవాడు లేడు.

తర్వాత పౌరాణికం వచ్చింది, రాయబారం సీన్. సాంఘిక నాటికకు నేర్చుకున్నదంతా ఇక్కడ సగమే పనిచేసింది. పద్యం ఒక పాదం పాడి, ఆ పాదం చివర రాగం అందుకుని, మళ్లీ వెనక్కొచ్చి సగం పాదం తిప్పి, హార్మోనియంతో కాసేపు పోటీ పడి, అప్పుడు రెండో పాదం. పాదానికో స్లైడు వేస్తే ఆపరేటర్ ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉన్నాడు. చివరికి పద్యాల వరకు రెండు లైన్ల నియమం పక్కన పెట్టేశాం. నాలుగు పాదాలూ ఒకే స్లైడులో, పాడినంతసేపూ కదలకుండా. ముందే చదివేస్తే రసభంగం కాదా అని ఎవరో అడిగారు. ఆ పద్యం కథ తెలుసుకోవడానికి ఎవరూ వినరు, ఎలా పాడతాడో వినడానికే వస్తారు. పెద్ద సమాసాలను గాయకుడు ఎక్కడ విరుస్తాడో అక్కడే ఖాళీ ఇచ్చి రాశాం. ఇక వన్స్ మోర్. జనం అరిచారంటే పద్యం మళ్లీ మొదటినుంచి, నాలుగు పాదాలూ ఒకే స్లైడులో ఉండటంతో ఆపరేటర్ చెయ్యాల్సిందేమీ లేకుండా పోయింది. రెండు పద్యాలు దాటాక ఏ వెనకటి పద్యమో పాడమంటే తప్ప నంబరు అవసరం రాదు.

ఫోన్లలో మాట అక్షరంగా మారిపోతోంది కదా, ఇంత శ్రమ ఎందుకని అడుగుతారు. రాగం తీస్తున్న పద్యాన్ని, ప్రతిధ్వని ఉన్న హాల్లో వేలాడే మైకుతో విని రాయమంటే అదేం రాస్తుందో మీరే ప్రయత్నించి చూడండి. లండన్ వాళ్ల కళ్లద్దాల ఏర్పాటు కూడా విన్నది విన్నట్టు రాసేది కాదు. ముందే ఎక్కించిన స్క్రిప్టును మాటలనూ లైట్, సౌండ్ క్యూలనూ పట్టుకుని అనుసరిస్తుంది. అంటే మా మ్యూజిక్ అబ్బాయి చేసే పనినే యంత్రం చేత చేయిస్తున్నారు.

తెర విషయంలో ప్రొజెక్టర్ వాడితే బ్లాకౌట్ చెడింది. ప్రొజెక్టర్‌కు నలుపంటే బూడిద రంగే, లైట్లన్నీ ఆర్పేశాక గోడ మీద ఆ నలుచదరం మసగ్గా మెరుస్తుంది. లెన్సుకు అట్టముక్క అడ్డం పెట్టే మనిషిని పెట్టుకోవచ్చు గానీ మేం పెద్ద టీవీకి మారాం, బ్రైట్‌నెస్ బాగా తగ్గించి, సెట్ అంచుకు ఆనించి, నటుడి తల ఎత్తులో. మరీ పైన కడితే మెడ నొప్పి, మరీ పక్కకు పెడితే చదువుతుండగా నటన పోతుంది. ఆ టీవీ బాగా కనపడే వైపు సీట్లు అవసరమైనవాళ్లకు ఉంచి, గేటు దగ్గరే చెప్పాం. ఆపరేటర్ వింగులో కూర్చోకూడదు, అక్కణ్నుంచి తెరా కనపడదు, నటుడి మొహమూ కనపడదు. హాలు వెనక సౌండ్ మిక్సర్ పక్కన కూర్చోబెట్టాలి. అంత దూరానికి మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ నమ్మకం లేదు, క్యాట్ సిక్స్ వైరు మీద నడిచే ఎక్స్‌టెండర్ కొనండి, ఇది ఖర్చు మిగుల్చుకునే చోటు కాదు.

ప్రదర్శనలో మ్యూజిక్ అబ్బాయే బటన్ మీద ఉన్నాడు, ట్రాకులు ఆ పూట వేరే కుర్రాడు చూశాడు. ఒకచోట ఇద్దరు నటులు దారి తప్పి సొంతంగా మాటలు అల్లుకుంటూ పోయారు. తెర నల్లగా అయింది, మాస్టారు వేలు పెట్టారు, మళ్లీ కలిశారు. ముందు వరస పెద్దాయనొకరు ఆ తర్వాత "ఆ నల్లగా అయినప్పుడు వాళ్లు మర్చిపోయారని తెలిసిపోయిందయ్యా" అన్నారు, నటులకు అది అంత నచ్చలేదు. కొందరు యువకులు, చెవులు బాగానే ఉన్నవాళ్లు, పద్యం మొదటిసారి అర్థమైందన్నారు. టీవీ వెలుతురు అడ్డమొచ్చిందన్నవాళ్లూ ఉన్నారు, వాళ్లను టీవీకి దూరంగా రెండోవైపు కూర్చోబెట్టాం.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది పుట్టుకతో వినికిడి లేని ఒక యువకుడి మాట. వాళ్ల అక్క సైగల్ని మాకు చెప్పింది: అక్షరాలు అతనికి వేగంగా పోయాయట, ఎందుకంటే అతని మొదటి భాష భారతీయ సంకేత భాష, తెలుగు బళ్లో నేర్చుకున్న రెండో భాష. మేం చేసింది తెలుగు బాగా చదవగలిగి, వినికిడి తర్వాత తగ్గినవాళ్లకు సరిపోతుంది. అతనికి కావాల్సింది స్టేజీ పక్కన సంకేత భాష వ్యాఖ్యాత, ముందే స్క్రిప్టు చదివి రిహార్సల్స్‌కు వచ్చేవాళ్లు. దానికి లైటు వేరు, నిలబడే చోటు వేరు, శిక్షణ వేరు. క్యాప్షన్లు నెమ్మదిగా వేస్తే సరిపోతుందని మా కమిటీలో ఒకరన్నారు, నటుడు నెమ్మదించడు కాబట్టి అది జరిగే పని కాదు.

డబ్బు సంగతి. టీవీ అద్దె, ఎక్స్‌టెండర్ పెద్ద ఖర్చు కాదు, మనిషి కాలమే ఖర్చు. గంట నాటికకు స్క్రిప్టు దిద్ది, కోసి, అలవాటు పడటానికి ఒకరికి సాయంత్రాలు కలుపుకుని మూడు నాలుగు వారాలు పడుతుంది, ఇంకో నాటికకు మళ్లీ మొదటినుంచే. పరిషత్తులు సమాజానికి ఇచ్చే పారితోషికంలో లైట్‌కు, మ్యూజిక్‌కు, మేకప్‌కు వాటా ఉంటుంది, క్యాప్షన్‌కు లేదు. మేం మ్యూజిక్ వాటాతో సమానంగా లెక్కగట్టి ఇస్తున్నాం, రిహార్సల్ భత్యం విడిగా. కొత్త నాటిక ఎత్తుకుంటే మొదటి చదువుకే ఆపరేటర్‌ను పిలుస్తున్నాం, డైలాగు మారిన రోజే స్లైడు మారిపోతుంది, ఆఖర్న కన్వర్టర్లతో కుస్తీ ఉండదు. సెట్ చూసే ఆయన ఇప్పుడు బటన్ నేర్చుకుంటున్నారు, పౌరాణికానికి ఇద్దరు కావాలి.